గోడకు లెక్క ఉంది, చేతికి లేదు

(గుంటూరు బ్రాడీపేటలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరీంనగర్‌వాడు బ్రాడీపేటకు వచ్చి మైకు పట్టుకోవటం 2011లో అయితే జరిగే పని కాదు. మీరు పిలిచేవారు కాదు, నేను వచ్చేవాణ్నీ కాదు. ఇవాళ పిలిచారు, వచ్చాను. పొద్దున బస్టాండులో దిగి ఈ హాలు ఎక్కడని అడిగితే ఆటో ఆయన ఇన్నో లైను, ఇన్నో అడ్డరోడ్డు అని రెండు అంకెలు చెప్పి నేరుగా తెచ్చి దింపాడు. ఇంత లెక్కగా కట్టుకున్న పేటలో ఒక లెక్క తప్పిపోయిన సంగతి చెప్పటానికి వచ్చాను.

ప్రత్యేక రాష్ట్రం అన్న మాట ఈ ఊరికి కొత్తది కాదు. 1969లో మేము అడిగాం. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక జై ఆంధ్ర అంటూ మీరూ అడిగారు. అప్పుడు తరగతులు మానేసిన విద్యార్థులు, ఆఫీసులు మానేసిన ఎన్జీవోలు కొందరు ఈ ముందు వరుసలోనే కూర్చున్నారని ఆ తెల్లజుట్టు చూస్తే తెలుస్తోంది. కాబట్టి ఉద్యమం చేసినవాడు ఉద్యమం చేసినవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడతాను. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. గెలిచినవాళ్లు తీరిగ్గా కూర్చుని చూసుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి రాయి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ రాయికి రంధ్రం వేసే మనిషి చేయి.

లారీలు ఆపిన రోజు

2011లో సకల జనుల సమ్మెకు కొంచెం ముందు మేము కొందరు విద్యార్థులం కరీంనగర్ దగ్గర ఒక గుట్ట కింద గ్రానైటు లారీలు ఆపాం. మీరు కొండ అంటారు, మేము గుట్ట అంటాం. నినాదం మీకు తెలిసిందే, మా వనరులు మాకే. మా గుట్టల్లో పుట్టిన టాన్ బ్రౌన్ రాయి రైలెక్కి కాకినాడ రేవుకు చేరి, అక్కడ ఓడెక్కి చైనాకు పోతుండేది. ఆంధ్ర పెట్టుబడిదారులు మా గుట్టలను మింగుతున్నారని లారీ బానెట్ మీద నిలబడి నేనే ఉపన్యాసం ఇచ్చాను. ఆ మాట అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు. తర్వాత పత్రికలో చేరి లీజుల కాగితాలు తిరగేసినప్పుడు అందులో మా జిల్లా ఇంటిపేర్లు కూడా కావలసినన్ని కనబడ్డాయి. ఈ సంగతి మా సభల్లో చెప్తే ఇప్పటికీ కొందరికి నచ్చదు. మీ ఊళ్లో చెప్తే చప్పట్లు కొడతారేమో, దయచేసి కొట్టకండి. మీ దగ్గర కథ వేరేగా ఏమీ లేదు, దానికీ వస్తాను.

ఆ రోజు క్వారీలోంచి ఒకతను దిగి వచ్చాడు. నెత్తికి తువ్వాల, ఒళ్లంతా బూడిద రంగు దుమ్ము. ఒడిశా నుంచి వచ్చినవాడు. లారీ పోకపోతే బ్లాకు కదలదు, బ్లాకు కదలకపోతే కొత్త వరస కొట్టనివ్వరు, మాకు అడుగు లెక్కన కూలి, ఎన్ని రోజులు ఆపుతారు భయ్యా అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. మొహమాటానికి ఒక నీళ్ల సీసా చేతిలో పెట్టాం. దాని మూత తిప్పలేకపోయాడు. రెండుసార్లు ప్రయత్నించి మా దోస్తుకు ఇచ్చాడు, అతను తీసి ఇచ్చాడు. మనిషికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. రోజుకు వందల అడుగుల రాయి తొలిచే మనుషుల్లో ఒకడు ప్లాస్టిక్ మూత తీయలేకపోవటం ఏమిటని నాకు ఆ రోజు తట్టలేదు. లారీల నంబర్లు మాత్రం శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకున్నాను.

తర్వాత క్వారీల వైపు వెళ్లిన ప్రతిసారీ చేతులు చూడటం అలవాటైంది. ఒకతను ఫోన్ తెర పాడైందని దుకాణానికి తీసుకుపోయాడు. ఫోన్ బాగానే ఉంది, వేలికే స్పర్శ తెలియటం లేదు. ఒకతను చొక్కా గుండీలు మానేసి టీషర్టులకు మారాడు. చాలామంది చెప్పేది రాత్రి సంగతి. నడిరాత్రి చేతులు మొద్దుబారి మెలకువ వస్తుంది, లేచి కూర్చుని విదిలించుకోవాలి, మళ్లీ నిద్ర పట్టదు. మీ మిర్చి యార్డు దగ్గర ముచ్చికలు తీసే అక్కలను చూడండి. ఇంటికి పోయి ఎన్నిసార్లు కడిగినా చేతి మంట తగ్గదంటారు. అది బాధే. కాని ఆ మంట తెలుస్తుంది. డ్రిల్లు కొట్టినవాడి కష్టం వేరు, వేడి గిన్నె పట్టుకున్నా కాలుతున్నట్టు తెలియదు, చర్మం లేచాక చూసుకుంటాడు.

దెబ్బకు రెండు వైపులు

చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. కంకర క్వారీలో పేల్చేసినట్టు గ్రానైటును పేల్చరు. బ్లాకు పగుళ్లు లేకుండా దిగాలి, ధర అంతా అందులోనే ఉంటుంది. అందుకని రాయి మీద గీత గీసినట్టు వరసగా, జానెడుకు అటూ ఇటూ దూరంలో సన్నని రంధ్రాలు వేసుకుంటూ పోతారు. వాటిలో చీలలు దిగ్గొడితే ఆ గీత వెంబడి రాయి విడిపోతుంది. ఇప్పుడు పెద్ద క్వారీల్లో వజ్రపు పూసల తీగ తిప్పి కోసే వైర్ సా వచ్చింది. వరస రంధ్రాలు వేసే బండి మిషన్లూ వచ్చాయి. అయినా మూల తిరగాలన్నా, పెద్ద బ్లాకును చిన్నవి చేయాలన్నా, బండి ఎక్కని చోట పని జరగాలన్నా మనిషే జాక్‌హామర్ పట్టుకోవాలి. ఇరవై, ఇరవై అయిదు కిలోల ఇనుము. కంప్రెషర్ నుంచి రబ్బరు గొట్టంలో గాలి వస్తుంది. ఆ గాలి లోపలి పిస్టన్‌ను తోస్తే అది నిమిషానికి రెండు వేలకు అటూ ఇటూగా డ్రిల్లు రాడ్డు మీద కొడుతుంది. దెబ్బకు రెండు వైపులుంటాయి. ఒకటి రాయి తీసుకుంటుంది, రెండోది పట్టుకున్న చేయి తీసుకుంటుంది. రంధ్రం నిలువుగా పోతే కొంత బరువు మిషనే మోస్తుంది. అడ్డంగా గోడకు కొట్టాల్సి వస్తే మనిషి పొట్టతో, తొడతో ఆనించి నెట్టాలి. అదురు అప్పుడు నడుము దాకా పోతుంది.

పుస్తకాల్లో దీన్ని కంపనం అంటారు. పనిలో అదురు అంటారు. నాకు అదురే బాగుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్ సున్నపురాయి క్వారీలకు ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ వెళ్లి గాలి సుత్తి పట్టే రాతిపనివాళ్ల చేతులు పరీక్షించింది. చలి ఉదయాల్లో వాళ్ల వేళ్లు చచ్చిన వేళ్లలా తెల్లగా పాలిపోతున్నాయని రాసింది. అదురుకు వేళ్లలోని సన్నని రక్తనాళాలు, నరాలు దెబ్బతినటమే కారణం. అందుకే ఇంగ్లీషు దేశాల్లో దానికి తెల్లవేలు అని పేరు పడింది. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఒంగోలులోనో కరీంనగర్‌లోనో చలి ఎంత? మన ఎండల్లో వేలు తెల్లబడటం కనబడదు. తిమ్మిరి, మొద్దుబారటం, పట్టు తగ్గటం మాత్రం వస్తాయి. బయటికి కనబడని జబ్బును మేస్త్రీ నమ్మడు, ఒక్కోసారి డాక్టరూ నమ్మడు. నరాల బలహీనత అని బలం సూదులు రాసి పంపేస్తారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. యూరప్ దేశాలు 2002లో ఒక చట్టం చేసుకున్నాయి. ఎనిమిది గంటల పనికి సగటు వేసి చేతికి అందే అదురు 2.5 అంకె దాటితే యజమాని చర్య మొదలుపెట్టాలి, 5 దాటనే కూడదు. కొలమానం సెకనుకు సెకనుకు మీటర్లు. పేరుతో మనకు పనిలేదు, అంకె గుర్తుంచుకోండి. జాక్‌హామర్ల పిడి దగ్గర కొలిస్తే 10 నుంచి 20 దాకా రావటం మామూలు. మధ్యన 15 తీసుకోండి. ఆ మిషన్ పట్టుకున్నవాడు ఎంతసేపట్లో 5 అనే హద్దు చేరతాడు? లెక్క వేస్తే 53 నిమిషాలు వస్తుంది. 2.5 అయితే పదమూడు నిమిషాలకే దాటిపోతాడు. 20 ఉన్న మిషన్ అయితే అరగంటకే 5 చేరుతుంది. మనవాళ్లు రోజుకు అయిదారు గంటలు పడుతున్నారు. అది కూడా అడుగు లెక్కన కూలి ఇచ్చినప్పుడు. అడుగు లెక్క అంటే ఏమిటో ఉద్యోగ సంఘాలవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. చేయి నొప్పి పుట్టి ఆపాలనుకున్నవాడు సాయంత్రం కూలి గుర్తొచ్చి ఇంకో రంధ్రం వేస్తాడు. అతన్ని పనిలో ఉంచటానికి మేస్త్రీ అక్కరలేదు, ఆ రేటే చాలు.

చేతి తొడుగులు ఇస్తున్నాం కదా అనే జవాబు నాకు చాలా చోట్ల వచ్చింది. తొడుగు గరుకు తగలకుండా కాపాడుతుంది, మంచిదే. జాక్‌హామర్ లాంటి బరువైన, నెమ్మది అదురును అది ఆపలేదు. తొడుగులిచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు.

పేరు లేని జబ్బు

ఇంగ్లండులో ఈ జబ్బును 1985లో వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చారు. 1998లో బొగ్గుగని కార్మికులు కోర్టులో గెలిచారు. ఆ తర్వాత పెట్టిన పరిహార పథకం కింద దాదాపు 1,70,000 మంది అర్జీలు పెట్టుకున్నారు. ఒక్కసారిగా అంతమందికి జబ్బు పుట్టలేదు. జబ్బు ముందే ఉంది, పేరొచ్చాక మనుషులు కనబడ్డారు, అంతే.

మన దగ్గర? కార్మిక చట్టాలను నాలుగు కోడ్లుగా చేసి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. అందులో వృత్తి భద్రత కోడ్ మూడో షెడ్యూలులో 29 జబ్బుల పేర్లున్నాయి. డాక్టరుకు కనబడితే ప్రభుత్వానికి తప్పకుండా తెలియజేయాల్సిన జబ్బులవి. సీసం విషం ఉంది. సిలికోసిస్ ఉంది, ఉండాలి కూడా, ఎందుకంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులను రాయి చేస్తుంది. చప్పుడు వల్ల వచ్చే చెవుడు ఉంది. ఒకే మనిషి, ఒకే మిషన్. దాని దుమ్ము ఊపిరిలోకి పోతే జాబితాలో ఉంది, దాని చప్పుడు చెవిలోకి పోతే జాబితాలో ఉంది. దాని అదురు చేతిలోకి పోతే మాత్రం లేదు.

మన అధికారులకు అదురు కొలవటం రాదనుకునేరు. బ్రహ్మాండంగా వచ్చు. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ 1997లో ఏడో నంబరు సర్క్యులర్ ఇచ్చింది. పేలుడు జరిపినప్పుడు చుట్టుపక్కల ఊరి ఇళ్ల దగ్గర నేల ఎంత అదరవచ్చో అందులో రాశారు. తక్కువ పౌనఃపున్యం, అంటే 8 హెర్ట్జ్ లోపు అయితే సెకనుకు 5 మిల్లీమీటర్లు. 8 నుంచి 25 దాకా అయితే 10. ఆపైన 15. పాత గుళ్లు, చారిత్రక కట్టడాలు అయితే ఇంకా కట్టుదిట్టం, 2, 5, 10. మంచి సర్క్యులర్. దాన్ని పట్టుకుని గోడలు పగిలిన ఊళ్లు కొట్లాడవచ్చు, కొట్లాడాయి కూడా. నేను దాన్ని తప్పు పట్టటం లేదు. గోడకు మిల్లీమీటర్లలో లెక్క రాసిన దేశం, ఆ గోడకు ఫర్లాంగు దూరంలో జాక్‌హామర్‌ను పొట్టకానించుకుని నిలబడ్డ మనిషి జబ్బుకు షెడ్యూలులో ఒక వరస ఎందుకు ఇవ్వలేదన్నదే నా ప్రశ్న.

ఎక్స్‌కవేటర్ నడిపేవాళ్లు, టిప్పర్ డ్రైవర్లు కూడా ఉన్నారు. వాళ్లకు సీటు నుంచి వెన్నులోకి పోతుంది. నలభై దాటేసరికి నడుము పట్టీ లేనివాడు అరుదు. సమయం లేదు, ఆ సంగతి ఇంకోసారి చెప్పుకుందాం.

ఒక చోట గుట్ట పోయింది, ఒక చోట నేల పోయింది

ఉద్యమంలో మేము గుట్టల గురించి చాలా మాట్లాడాం. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం దాని మీద ఉంది. కన్నడం, సంస్కృతంతో పాటు తెలుగు కంద పద్యాలు కూడా అందులో ఉన్నాయి. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. ఆ హోదా కోసం చూపించిన ఆధారాల్లో ఆ శాసనం ఒకటి. ఆ గుట్టకే క్వారీ గండం వచ్చింది. ఊరివాళ్లు, చరిత్ర తెలిసినవాళ్లు గొడవ చేస్తేనే నిలబడింది. అక్షరాలు ఉన్నాయి కాబట్టి అది బతికింది. ఏ రాజూ ఏమీ రాయని గుట్టలు ఎన్నో పోయాయి.

గుట్ట పోతే ఏం పోతుంది? సీతాఫలం చెట్లు పోతాయి. గొర్రెలు మేసే చోటు పోతుంది. కోతులు ఊళ్లోకొచ్చి ఇళ్ల పెంకులు లేపుతాయి. ఇవన్నీ చెప్తే పట్నంలో చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నీళ్ల సంగతి చెప్తే నవ్వరు. మా చెరువులు నదుల మీద ఆధారపడ్డవి కావు. గుట్ట మీద పడ్డ వాన ఒర్రెల్లో దిగి, కట్టుకాలువల్లో కూడి చెరువులోకి చేరేది. కాకతీయుల నాటి నుంచీ అదే పద్ధతి. రాష్ట్రం వచ్చాక 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి చెరువుల్లో పూడిక తీశారు. పండుగలా తీశారు, నేనూ ఫొటోలు తీసి వార్తలు రాశాను. అదే కాలంలో అదే మండలాల్లో చెరువు పైనున్న గుట్టకు లీజు నడుస్తూనే ఉంది. ఒర్రె మీద క్వారీ మట్టి పోశారు. గిన్నె తోమి పెట్టుకున్నాం, పొయ్యి పీకేశాం.

ఇక మీ దగ్గరకు వస్తాను. చీమకుర్తి, రామతీర్థం వైపు నేను మొదటిసారి వెళ్లినప్పుడు కొండ కోసం వెతికాను. ఆ గెలాక్సీ గ్రానైటు, నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసేది, ప్రపంచంలో పేరున్నది, నేల కింద ఉంది. గట్టు మీద నిలబడి కిందికి చూస్తే టిప్పర్లు అగ్గిపెట్టెల్లా కనబడ్డాయి. చుట్టూ కొండలైతే ఉన్నాయి. అవి దేవుడు పెట్టినవి కావు, పనికిరాని రాయి పోసిన డంపులు. తవ్విన రాయిలో బ్లాకుగా అమ్ముడుపోయేది కొంతే. మిగతాది పొలాల పక్కన పోగుపడుతుంది. మాకు కొండ ఉన్న చోట గొయ్యి, మీకు నేల ఉన్న చోట గొయ్యి, దాని పక్కన కొండ. 1999 నాటి గ్రానైటు నిబంధనల్లో పైమట్టి తీసి జాగ్రత్త చేయాలని, తవ్విన నేలను బాగుచేయాలని రాసి ఉంది. బాగుచేసిన గొయ్యి ఒక్కటి చూపిస్తే నేను వచ్చి వార్త రాస్తాను. సరదాకు అనటం లేదు, నిజంగా రాస్తాను.

ఇంకో మాట. మా తరం తెలంగాణ పిల్లలు అ ఆలు దిద్దింది మార్కాపురం పలక మీద. ఆ పలక ఎవరు తీశారో, ఎవరు చెక్కారో మాకు ఎవరూ చెప్పలేదు. రాయి ప్రయాణం చేస్తుంది, చేతులు అక్కడే ఉండిపోతాయి.

రెండు ఆగస్టు మూడులు

2018 ఆగస్టు 3 రాత్రి కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒడిశావాళ్లు. సరిగ్గా ఏడేళ్లకు, 2025 ఆగస్టు 3న, అప్పటికి బాపట్ల జిల్లాలో ఉన్న బల్లికురవ దగ్గర గ్రానైటు క్వారీలో బండ విరిగిపడి ఆరుగురు చనిపోయారు. వాళ్లూ ఒడిశా నుంచి వచ్చినవాళ్లే. ఆ రెంటికీ మధ్య 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లెలో జిలెటిన్ కడ్డీలు దింపుతుండగా పేలి పదిమంది పోయారు. ఈ మూడూ పేపర్లలో మొదటి పేజీలో వచ్చాయి. మంత్రులు మాట్లాడారు, పరిహారాలు ప్రకటించారు. నేను వాటిని తక్కువ చేయటం లేదు. బండ పడితే ఒక రోజు వార్త. చేయి చచ్చుబడటానికి పదేళ్లు పడుతుంది, ఆ పదేళ్లలో ఏ రోజు వార్త రాయాలో నాకే తెలియలేదు. ఒక రోజు ఆ మనిషి పనికిరాడని మేస్త్రీ పంపేస్తాడు. అతను బరంపురం వైపు రైలెక్కుతాడు. ఆ ఊళ్లో మన రాష్ట్రాల లెక్కకు అతను లేడు, మన రాష్ట్రాల్లో ఆ ఊరి లెక్కకు అతను లేడు.

ఇక్కడే ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడినవాళ్లం ఒక సంగతి ఒప్పుకోవాలి. రాయి మీద వచ్చే డబ్బు విషయంలో రాష్ట్రానికి అధికారం ఉంది. గ్రానైటు చిన్నతరహా ఖనిజం, దాని లీజు, సీనరేజి రాష్ట్రం చేతిలో ఉంటాయి, 1966 నాటి నిబంధనలు రెండు రాష్ట్రాలకూ మూలం. గనుల్లో కార్మికుల భద్రత మాత్రం రాజ్యాంగంలో కేంద్ర జాబితా, 55వ అంశం. అంటే క్యూబిక్ మీటరు రాష్ట్రానిది, కార్మికుడి చేయి ఢిల్లీది. మేము నీళ్లు, నిధులు, నియామకాలు అని అడిగాం. నిధుల్లో సీనరేజి వచ్చింది. చేయి మా నినాదంలో లేదు కాబట్టి అది రాలేదని కూడా మేము గమనించలేదు.

సీనరేజి గొడవలు ఎంత పెద్దవో చూడండి. 2013లో విజిలెన్స్ విచారణ తర్వాత కరీంనగర్ గ్రానైటు ఏజెన్సీలకు జరిమానాలతో కలిపి దాదాపు 750 కోట్ల రూపాయలు కట్టమని నోటీసులు వెళ్లాయి. 2022 నవంబరులో ఈడీ సోదాలు జరిగాయి. రైలెక్కిన రాయి ఎన్ని క్యూబిక్ మీటర్లు, కాగితంలో రాసింది ఎన్ని అని రెండు ప్రభుత్వాలు, మూడు శాఖలు లెక్కలు తీశాయి. తీయాల్సిందే, అది ప్రజల డబ్బు. అన్ని ఫైళ్లలో ఆ రాయి మీద ఎన్ని అడుగుల రంధ్రాలు పడ్డాయి, ఎన్ని చేతులు వేశాయి అన్న కాలం ఒక్కటీ లేదు.

భద్రత కేంద్రానిది కాబట్టి రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కరలేదు. లీజు ఇచ్చేది రాష్ట్రమే కాబట్టి లీజు షరతుల్లో రాయవచ్చు. క్వారీలో వాడే ప్రతి చేతి డ్రిల్లుకు అదురు అంకె ఎంతో బోర్డు మీద పెట్టాలి. ఒక మనిషి దాన్ని రోజుకు ఎన్ని నిమిషాలు పట్టుకోవచ్చో దాని పక్కనే రాయాలి. బండి డ్రిల్లు పోయే చోట చేతి డ్రిల్లు వాడకూడదు. డ్రిల్లర్లకు అడుగు లెక్క తీసేసి రోజు లెక్క పెట్టాలి. ఇందులో చివరిదే అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే కష్టం కూడా. యజమానులు ఒప్పుకోరు, మొదట్లో కార్మికులే ఒప్పుకోరు. ఒక డ్రిల్లర్ నాతో అన్నాడు, అన్నా, నా చేయి గురించి నువ్వు ఆలోచించు, మా ఇంటి గురించి నేను ఆలోచిస్తా అని. అతనికి జవాబు చెప్పాలంటే రోజు కూలి అడుగు కూలికి తగ్గకుండా ఉండాలి. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. గనుల వల్ల దెబ్బతిన్నవాళ్ల కోసమే ఆ డబ్బు. కూలి యజమానే ఇవ్వాలి, అందులో సందేహం లేదు. కాని పరీక్షలకు, అదురు కొలిచే మీటర్లకు, పని మానేయాల్సి వచ్చినవాళ్లకు ఆ నిధి నుంచి అడగవచ్చు. ఒక జిల్లాకు ఒక మీటరు కొనటం నాలుగు గ్రామాలకు సిమెంటు రోడ్డు వేసినంత ఖర్చు కాదు.

ఇక్కడ వైద్యశాఖ ఉద్యోగులు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మీకు ఒక చిన్న పని. బల్లికురవ, మార్టూరు, చీమకుర్తి వైపు ఆస్పత్రుల్లో చేతుల తిమ్మిరి అని వచ్చినవాణ్ని ఏం పని చేస్తావని అడిగి, ఆ జవాబు ఓపీ రిజిస్టరులో రాయండి. ఎన్నేళ్లు డ్రిల్లు పట్టావు, రోజుకు ఎన్ని గంటలు, ఈ రెండు ప్రశ్నలు. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక్క ఏడాది రాస్తే మన చేతిలో ఒక కాగితం ఉంటుంది. షెడ్యూలులో ముప్పయ్యో జబ్బును చేర్చమని ఢిల్లీకి అర్జీ పెట్టాలంటే ఆ కాగితం కావాలి. మేము కరీంనగర్‌లో ఇదే మొదలుపెట్టాలని మా మిత్రులతో మాట్లాడుతున్నాను. మీ రిజిస్టరు, మా రిజిస్టరు పక్కపక్కన పెడదాం.

విద్యార్థులకు ఇంకో పని. పరీక్షలయ్యాక చీమకుర్తి పోయి ఆ గట్టు మీద నిలబడి ఫొటోలు దిగటం ఇప్పుడు సరదా అయిందట. దిగండి. కిందికి దిగే దారి దగ్గర టీ కొట్టు ఉంటుంది, అక్కడ డ్రిల్లర్లు కూర్చుంటారు. ఒకరితో చేయి కలపండి. పట్టు ఎంతుందో మీకే తెలుస్తుంది. హిందీ వచ్చినవాళ్లు ఒకరు వెంట ఉంటే మంచిది, రాత్రి నిద్ర ఎట్లా పడుతోందని అడగండి. వాళ్లు చెప్పింది రాసి మా పత్రికకు పంపండి, పేర్లు వేయం.

మాట్లాడాల్సింది అయిపోయింది. ఇక మీరు అడగండి. అదుగో, వెనక వరుసలో అన్నయ్య ఇందాకటి నుంచీ చేయి ఎత్తే ఉంచారు, ముందు ఆయనకు మైకు ఇవ్వండి.